కలుగులోంచి చేతిలోకి

సంక్రాంతి పోయిన వారానికి చొప్పదండి నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామా, అది కరిసింది. రక్తమొచ్చింది. అమ్మేమో దుకాణంల వాపస్ ఇచ్చేద్దామంటుంది" అని ఒక్క గుక్కలో చెప్పేశాడు. అదంటే హామ్‌స్టర్, ఎలుక జాతి చిన్న పెంపుడు జంతువు. పుట్టినరోజుకు పోరుపెట్టి కరీంనగర్‌లో కొనిపించుకున్నాడు. ఇంటికొచ్చి అప్పటికి ఒకటిన్నర రోజు.

"ఎట్ల పట్టుకున్నవ్ అల్లుడా?"

"పండుకుంటే పైనుంచి పట్టి తీసిన."

"టైమెంత?"

"పగటీలి రెండు."

"నడిరాత్రి రెండు గంటలకు నిన్నెవడన్న మెడ పట్టి లేపితే ఏం చేస్తవ్?"

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత "ఇగ నేనేం చెయ్యాలె?" అన్నాడు. అక్కడ మొదలైన ప్రశ్నలు నెల దాటినా ఆగలేదు. నేను పశువుల డాక్టర్ను కాను. కొన్నేళ్లుగా హామ్‌స్టర్లను సాదుతూ, వాటి దగ్గర తప్పులు చేసి నేర్చుకున్నవాణ్ణి. వాడి ప్రశ్నలూ నా జవాబులే ఇక్కడ రాస్తున్నాను, ఇంచుమించు ఫోన్లో దొర్లిన వరసలోనే.

అసలెందుకు కరిచింది?

కుక్క మనిషి వెంట నడవడం మొదలుపెట్టి వేల ఏళ్లయింది. బర్రె, మేక, కోడి తరతరాలుగా మన వాకిట్లోనే పుట్టి పెరుగుతున్నాయి. మనిషి చెయ్యి అంటే మేత అని వాటికి చిన్ననాడే తెలిసిపోతుంది. హామ్‌స్టర్‌కు ఆ తెలివిడి లేదు. అది మనుషుల ఇళ్లకు వచ్చి ఇంకా నూరేళ్లు నిండలేదు.

మావాడు కొన్నది సిరియా జాతి. దాని సొంతూరు సిరియాలోని అలెప్పో చుట్టుపక్కల చేలు. 1839లో జార్జ్ వాటర్‌హౌస్ అనే ఇంగ్లిష్ జంతుశాస్త్రవేత్త దాన్ని వర్ణించి శాస్త్రంలోకి ఎక్కించాడు. ఆ తర్వాత తొంభై ఏళ్లు దాని ఊసు పెద్దగా లేదు. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో సాల్ ఆడ్లర్ అనే ఆయన కాలా అజార్ జబ్బు మీద పరిశోధన చేస్తూ ప్రయోగాలకు పనికొచ్చే చిన్న జంతువు కోసం వెతికాడు. చైనా జాతి హామ్‌స్టర్లు ఆయన దగ్గర సంతానం పెంచలేదు. దగ్గర్లో దొరికేదేదైనా పట్టుకురమ్మని ఇజ్రాయెల్ ఆహరోనీ అనే జంతుశాస్త్రవేత్తను అడిగాడు. 1930లో ఆహరోనీ అలెప్పో వెళ్లి, ఊరి పెద్దను మంచి చేసుకుని, కూలీలను పెట్టి ఒక గోధుమ చేను తవ్వించాడు. ఎంతో లోతున ఒక కలుగు బయటపడింది. లోపల తల్లి, పదకొండు పిల్లలు.

ఇది చెబుతుంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టారేమో, పక్కనుంచి వాళ్ల నాయనమ్మ గొంతు వినిపించింది. "మా దిక్కు వరి కోతలైనంక గట్ల మీద ఎల్క బొక్కలు తవ్వి కంకులు తీద్దురు. ఒక్కో బొక్కల గంపెడు ఉండేటివి. గదే కథ." గదే కథ మరి. అలెప్పో రైతుకు హామ్‌స్టర్ పంట దోచుకునే దొంగ. జర్మన్ భాషలో కూడబెట్టి దాచుకోవడాన్ని దీని పేరుతోనే చెబుతారు.

తవ్వి తీసిన ఆ తల్లి బెదిరిపోయి తన పిల్లల్లోనే ఒకదాన్ని చంపేసింది. మిగిలినవాటిలో కొన్ని చెక్క పెట్టె అడుగు కొరికి పారిపోయాయి. చివరికి దక్కిన తోబుట్టువుల సంతానమే ఒక ప్రయోగశాల నుంచి మరో ప్రయోగశాలకు, అక్కణ్నుంచి ఇళ్లకు పాకింది. ఇవాళ దుకాణాల్లో కనిపించే బంగారు రంగు హామ్‌స్టర్లలో దాదాపు అన్నీ ఆ ఒక్క కలుగు వారసులే. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనూ ప్రయోగాల కోసం వీటిని పెంచుతారు. భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్‌ను కోతుల మీదే కాదు, ఈ హామ్‌స్టర్ల మీదా పరీక్షించారు. "అమ్మ ఏసుకున్న టీకానా?" అన్నాడు మావాడు. అదేనన్నాను. ఆ పూటకు వాపస్ ఇచ్చే మాట ఆగింది.

ఇంతకీ కాటు సంగతి. పెట్టెలో ఉన్నది ఇప్పటికీ ఆ గోధుమ చేను ప్రాణే. దానికి చూపు అంతంతమాత్రం, దూరం లోతు సరిగా ఆనవు. ముక్కు, మీసాలు, చెవులే దాని లోకం. చేలో ఉన్నప్పుడు పైనుంచి దిగేది గద్దో గుడ్లగూబో తప్ప మరొకటి కాదు. నిద్రలో ఉన్నదాన్ని పైనుంచి పట్టుకుంటే అది చేసేది ప్రాణం కాపాడుకునే ఆఖరి పని. పైగా ఆ పూట మావాడి చేతికి సకినాల వాసన ఉంది. నువ్వులు, వాము, నూనె. వాసనను బట్టి లోకాన్ని తెలుసుకునే జంతువుకు ఆ వేలు వేలులా కాదు, తిండిలా తోచి ఉంటుంది. పంజా అనుకుందో పిండివంట అనుకుందో గాని, పళ్లు మాత్రం దిగాయి.

మా అక్క ఫోన్ లాక్కుంది. "తమ్మీ, సూది ఏయించాల్నా?" నల్లా కింద సబ్బుతో బాగా కడగమన్నాను. ఇంట్లో పెరిగే ఇలాంటి చిన్న ఎలుక జాతి జంతువుల నుంచి మనిషికి రేబిస్ సోకడం దాదాపు కనబడదు. అయినా గాయాన్ని ఒకసారి డాక్టర్‌కు చూపించి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో గుర్తులేకపోతే అదీ అడగమన్నాను. పెట్టె ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె దీన్ని ముట్టకపోవడం, పెట్టె శుభ్రం చేయకపోవడం మంచిది. ఎలుక జాతి నుంచి కడుపులో బిడ్డకు చేటు చేసే వైరస్ ఒకటి అరుదుగానైనా రావచ్చు.

ఎన్ని రోజులు ముట్టుకోవద్దు?

నాలుగైదు రోజులు. పెట్టెను ఒక పక్కన పెట్టి, మీద సగం వరకు పల్చటి గుడ్డ కప్పి, తిండీ నీళ్లూ పెట్టి వదిలేయడమే. దుకాణం నుంచి బస్సులో, అట్టపెట్టెలో, హారన్ల మధ్య వచ్చిన ప్రాణికి ముందు ఈ గది వాసన అర్థం కావాలి. ఇది పిల్లలకు అన్నిటికంటే కష్టమైన నియమం. మావాడు రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేవాడు. "మామా, చూడొచ్చా?" చూడొచ్చు. "మాట్లాడొచ్చా?" మాట్లాడాలి కూడా, మెల్లగా, రోజూ ఒకే వేళకు. నీ గొంతు విన్నాక కీడేమీ జరగడం లేదని అది లెక్కపెట్టుకుంటుంది.

రాత్రంతా ఊచలు కొరుకుతుంది, ఎందుకు?

మూడో రోజు ప్రశ్న ఇది. నన్నడిగితే హామ్‌స్టర్ సంగతంతా ఈ ప్రశ్నలోనే ఉంది. మచ్చిక చేయడం ఎలా అని అందరూ అడుగుతారు గాని, దానికి ఇల్లెలా ఉండాలని అడిగేవాళ్లు తక్కువ. దాక్కునే చోటు ఉన్న హామ్‌స్టర్ తనంతట తానే బయటికొస్తుంది. దాక్కునే చోటు లేనిది కరుస్తుంది, లేకపోతే ఊచలు కొరుకుతుంది.

దుకాణంలో దీనితోపాటు ఒక రంగురంగుల పంజరం అంటగట్టారు. మూరెడు పొడవు, చుట్టూ ఊచలు, అడుగున వేలెడు పొట్టు, పక్కన చేతెడు చక్రం. మనం చిలుక పంజరాన్ని చూసి అలవాటుపడ్డాం కాబట్టి మనకు అది ఇల్లులాగే కనిపిస్తుంది. హామ్‌స్టర్ కొమ్మ మీద బతికేది కాదు, భూమి లోపల బతికేది. రోల్ఫ్ గట్టర్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త బృందం అలెప్పో ప్రాంతానికి వెళ్లి అసలు కలుగులను కొలిచింది. లోతు 36 సెంటీమీటర్ల నుంచి 106 దాకా ఉంది, సగటున 65. ఎక్కడా ఒక కలుగులో రెండు పెద్దవి లేవు.

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో అచ్చువేసిన పరిశోధన ఇంకా సూటిగా ఉంటుంది. కొన్ని హామ్‌స్టర్లకు 10 సెంటీమీటర్ల మందం పొట్టు, కొన్నింటికి 40, ఇంకొన్నింటికి 80 వేసి చూశారు. 10 సెంటీమీటర్లవి ఊచలను ఎక్కువగా కొరికాయి. 80 వాటిలో ఊచలు కొరకడం ఒక్కసారీ కనిపించలేదు. తవ్వుకోవడానికి నేల లేనప్పుడు ఆ తపన పళ్లలోకి వస్తుందన్నమాట. మావాడి హామ్‌స్టర్ ఊచలు కొరకడం ఆటా కాదు, అల్లరీ కాదు.

మరి ఇల్లెలా కట్టాలి?

జర్మనీ పశువైద్యుల జంతు సంక్షేమ సంఘం చెప్పే కనీస కొలత మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు. అంత పెట్టె మన దుకాణాల్లో దొరకదు, దొరికినా ధర చూసి మా అక్క నన్నే ఇంట్లోంచి వెళ్లగొడుతుంది. తెలిసినవాళ్లింట్లో నీళ్లు కారుతున్న పాత చేపల తొట్టి ఒకటి మూలకు పడి ఉంది. మూడడుగులకు పైమాటే. చేపలకు పనికిరానిది హామ్‌స్టర్‌కు దివ్యంగా పనికొస్తుంది. పైన వడ్లాయనతో చెక్క చట్రం చేయించి సన్న ఇనుప జాలి కొట్టించారు. తొట్టి దొరకనివాళ్లు ప్లైవుడ్ పెట్టె చేయించి ముందువైపు అద్దం పెట్టించుకోవచ్చు. కాకపోతే లోపలి మూలల్లో, అంచుల్లో పంటికి చిక్కే సందు ఉండొద్దు. ఆహరోనీ హామ్‌స్టర్లు పారిపోయింది చెక్క అడుగు కొరికే. రేకు పెట్టె మాత్రం వద్దు, ఎండాకాలం అది పెనమవుతుంది.

లోపల ఏం నింపాలన్నది ఇంకో పెద్ద ప్రశ్న. మన దిక్కు చేతికందేవన్నీ ప్రమాదాలే. సా మిల్లులో పొట్టు ఉచితంగా దొరుకుతుంది, కాని మన మిల్లుల్లో కోసేది ఎక్కువగా టేకు. టేకు పొడి ముక్కును, ఊపిరితిత్తులను మండిస్తుంది. ఆ మిల్లుల్లో పనిచేసే మనుషులే చెబుతారు. రైస్ మిల్లు ఊకకు కొసలు పదును, దుమ్మెక్కువ, దాంట్లో తవ్వితే కలుగు నిలవదు. ఇక పత్తి. కరీంనగర్ జిల్లాలో ఏ ఇంట్లో అడిగినా గుప్పెడు పత్తి ఇస్తారు, మెత్తగా ఉంటుందని ప్రేమగా ఇస్తారు. వద్దు. ఆ పోగులు కాళ్లకు చుట్టుకుని బిగుసుకుంటాయి. బుగ్గ సంచుల్లో కుక్కుకుంటుంది, మింగితే పేగుకు అడ్డం పడుతుంది. దుకాణాల్లో హామ్‌స్టర్ పరుపని అమ్మే దూది కూడా అదే బాపతు.

మేం వాడింది అచ్చు లేని తెల్ల కాగితం సన్నగా చింపిన పేలికలు, వాసన లేని టిష్యూ, గుడ్ల అట్టల ముక్కలు, మధ్యమధ్య మెత్తని ఎండుగడ్డి. గడ్డికి బూజు ఉండొద్దు, పురుగుమందు కొట్టిన చేను గడ్డి అయి ఉండొద్దు. పొరలు పొరలుగా వేసి చేత్తో అదిమితే సొరంగం నిలుస్తుంది. తొట్టి ఒకవైపు అడుగు మందం నింపి, రెండోవైపు పల్చగా వదిలాం. మావాడికి కాగితాలు చింపడానికి రెండు సాయంత్రాలు పట్టింది. వాళ్ల నాయనమ్మ కూడా చేయివేసింది, "ఎల్కకు పరుపు ఏస్తున్నం, మనకేమో నులక మంచం" అంటూనే.

ఆ మందపు పరుపులో సగం దాకా దిగేలా ఒక చిన్న మట్టికుండను పక్కకు వాల్చి పెట్టాం. కుమ్మరి దగ్గర మూతి విరిగిన కుండ ఊరికే ఇచ్చారు, విరిగిన అంచును బండ మీద నున్నగా రాయాలి. గుళ్లో కొట్టిన కొబ్బరికాయ చిప్ప రెండో దాపు. కొరుక్కోవడానికి ఆకులు తీసిన జామ కొమ్మ. దీని ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోకపోతే నోరు మూతపడదు. పల్చగా ఉన్నవైపు మట్టి మూకుడులో మానేరు ఏటి ఇసుక. సన్న జల్లెడ పట్టి, కడిగి, పేలాలు వేయించినట్టు పొయ్యి మీద వేయించి చల్లార్చిన ఇసుక. హామ్‌స్టర్‌కు నీళ్ల స్నానం ఎప్పుడూ చేయించొద్దు, ఇసుకలో పొర్లి అదే శుభ్రపడుతుంది. చాలావరకు ఒకే మూలన మూత్రం పోస్తుంది, అది ఇసుక మూకుడే అయితే మన అదృష్టం. ఆ తడి ఇసుకను రోజూ తీసేస్తే చాలు. తొట్టి మొత్తం ఒకేసారి కడిగి కొత్త పరుపు వేస్తే, దాని వాసన దానికే దొరక్క మళ్లీ మొదటి రోజు భయం పట్టుకుంటుంది.

చక్రం గురించి ఒక్క మాట. దుకాణం చక్రంలో పరిగెత్తుతుంటే దాని నడుం విల్లులా వంగింది. ఈ జాతికి చక్రం అడ్డంగా కనీసం 28 సెంటీమీటర్లు ఉండాలి, అడుగు భాగం ఊచలుగా కాక పలకలా ఉండాలి. ఇది ఒక్కటే డబ్బు పెట్టి తెప్పించమన్నాను.

జత కొనాల్సిందా?

"ఒక్కటే ఉంటే బెంగపెట్టుకుంటది, జత తీస్కో" అని దుకాణంలో అన్నారట. మావాడి దగ్గర డబ్బులు చాలక ఒక్కటే కొన్నాడు. ఆ లోటే దాన్ని కాపాడింది. నేను మొదటిసారి కొన్నప్పుడు నా దగ్గర డబ్బులున్నాయి. రెండు ఆడవి, అక్కచెల్లెళ్లని ఇచ్చారు. నెలన్నర బాగానే ఉన్నాయి. ఒక పొద్దున చూస్తే ఒకటే ఉంది. రెండోది ఉన్న తీరు ఇక్కడ రాయను. సిరియా జాతి హామ్‌స్టర్ పెద్దదైతే ఒంటరిది, తోడు దానికి శత్రువు. ఆడా మగా కలిపి ఇస్తే ఇంకో చిక్కు. పదహారు రోజుల్లో పిల్లలు పెడుతుంది, కడుపుతో ఉందని మనకు తెలిసేలోపే తొట్టి నిండుతుంది. 2018లో వచ్చిన పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనల ప్రకారం పాలు మరవని పిల్లలను అమ్మకూడదు. పాలు మరిచాయో లేదో, ఆడో మగో కొనేటప్పుడే నిలదీసి అడగాలి.

చెయ్యి ఎప్పుడు పెట్టాలి?

ఇప్పుడు, అంటే కొత్త ఇంట్లో అది కుండలో గూడు కట్టుకుని రెండు రాత్రులు నిద్రపోయాక. రాత్రి ఎనిమిదీ తొమ్మిది మధ్య, హోంవర్క్ అయ్యాక. అది తనంతట తాను లేచి ఒళ్లు విరుచుకుని ముఖం కడుక్కునే వేళ. ఒళ్లు విరిచి ఆవులించిందంటే నెమ్మదిగా ఉందని. చెవులు వెనక్కి మడిచినా, వెల్లకిలా పడి కీచుమన్నా ఆ రాత్రికి కొట్టు కట్టేయాలి.

మొదట చేయి కూడా కాదు, వాసన. సబ్బు వాసన లేకుండా కడిగి ఆరబెట్టుకున్న అరచేతుల మధ్య ఒక టిష్యూ ముక్క రుద్ది కుండ దగ్గర వేయమన్నాను. మర్నాటికి ఆ ముక్కను గూట్లో పెట్టుకుంది. అంటే రోజంతా మావాడి వాసనలో పడుకుంది. ఆ తర్వాత చేయి. పైనుంచి కాదు, తొట్టి ఆ చివర నుంచి, ఇసుక మూకుడు పక్కన, అరచేయి పైకి ఉండేలా నేలకు ఆనించి పెట్టి కదలకుండా ఉంచాలి. పది నిమిషాలు. అది వస్తే రానీ, రాకపోతే పోనీ. వచ్చి వేలిని పళ్లతో తాకుతుంది. ఇది కాటు కాదు, పరీక్ష. అప్పుడే చేయి విదిలిస్తే రెండు వారాల పని నీళ్లపాలు. భయమైతే మొదట చెంచా కొసన గింజ పెట్టి అందించు, రోజురోజుకీ చెంచా పొట్టిదవుతూ చివరికి వేళ్లు మిగులుతాయి.

నాలుగో రాత్రి పొద్దుతిరుగుడు గింజను వేళ్ల కొసన పెడితే లాక్కుని పారిపోయిందట. ఆరో రాత్రి అరచేతి అంచు మీద రెండు కాళ్లు పెట్టిందట. "ఎత్తుకోవాల్నా?" వద్దు. నాలుగు కాళ్లూ తానే పెట్టి, అక్కడే కూర్చుని తినేదాకా ఎత్తొద్దు. ఎత్తినప్పుడు కూడా రెండు చేతుల దోసిలిలో, నువ్వు నేల మీద కూర్చుని. ఎత్తు దానికి ఆనదని చెప్పాను కదా, బల్ల అంచు నుంచి గాలిలోకి నడిచేస్తుంది. ఎముక విరిగితే అంత చిన్న ప్రాణికి కట్టు కట్టడం ఎవరితరం?

చేయంటే ఇంకా బెదిరేవాటికి గ్లాసు ఉపాయం ఉంది. వెడల్పు మూతి ప్లాస్టిక్ గ్లాసును అడ్డంగా పెడితే దాన్ని కలుగనుకుని తానే దూరుతుంది. గ్లాసుతో సహా తీసి, తడి లేని బాత్రూంలో తలుపేసుకుని, మోరి రంధ్రం గుడ్డతో మూసి, నువ్వు గోడకు చేరబడి కూర్చోవాలి. కాసేపట్లో నీ మోకాళ్లు దానికి గుట్టలవుతాయి. నువ్వు దాన్ని పట్టుకోవు, అదే నిన్ను ఎక్కి చూస్తుంది. నా అనుభవంలో ఈ బాత్రూం అరగంటలు చేసినంత పని ఏ గింజా చేయలేదు.

కరిస్తే కొట్టొద్దు, ముఖం మీద ఊదొద్దు. ఎందుకు శిక్షిస్తున్నావో దానికి తెలియదు. నీ చేయి చెడ్డదని మాత్రం తెలుస్తుంది.

ఏం పెట్టాలి?

మన కొట్లో ఉన్నవే. కొర్రలు, జొన్నలు, సజ్జలు, గోధుమలు, కొంచెం ఓట్స్, నాలుగు పెసర మొలకలు. రోజుకు పెద్ద చెంచాడు దాటొద్దు. పొద్దుతిరుగుడు, గుమ్మడి గింజలు మచ్చిక కోసమే, అవి కొవ్వు. కీర ముక్క, క్యారెట్ ముక్క గోరంత. వారానికి ఒకటి రెండుసార్లు ఉడికిన గుడ్డు తెల్లసొన చిటికెడు. ఉల్లి, వెల్లుల్లి, నిమ్మజాతి పండ్లు, చాక్లెట్, పచ్చి ఆలుగడ్డ వద్దు. సకినాలూ వద్దు, ఎంత బతిమాలినట్టు చూసినా. గిన్నె ఖాళీ అయిందని కంగారుపడొద్దు. దాని బుగ్గ సంచులు భుజాల దాకా ఉంటాయి. తిన్నట్టు కనిపించేదంతా కుండ వెనక గాదెకు చేరుతుంది. పచ్చి ముక్కలను మాత్రం మర్నాడు వెతికి తీసేయాలి, లేకపోతే కుళ్లుతాయి, చీమలు పడతాయి. చీమల బారు దారి పట్టిందంటే ఆ చిన్న ప్రాణికి నరకమే. తొట్టి కింది బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టడం మన పెద్దవాళ్ల పాత ఉపాయమే.

ఎండాకాలం ఎట్ల?

చలి శివరాత్రి దాకే. ఆ తర్వాతే అసలు పరీక్ష. హామ్‌స్టర్‌కు హాయిగా ఉండేది 20 నుంచి 24 డిగ్రీల మధ్య. 30 దాటితే వడదెబ్బ భయం మొదలు. మన జిల్లాలో మే నెలలో 45 దాకా పోయే రోజులుంటాయి. అలెప్పోలోనూ ఎండలు తక్కువేం కాదు గాని, అక్కడ అది ఎండ ముదిరిన వేళ రెండడుగుల మట్టి కింద చల్లగా ఉంటుంది. మనం దాన్ని మట్టిలోంచి తీసి రేకుల కింద పెడుతున్నాం. కాబట్టి ఆ మట్టిని మనమే ఎలాగో తెచ్చివ్వాలి.

రేకుల గది, పై అంతస్తు, పడమటి గోడ, కిటికీ ఎండ, ఈ నాలుగింటికీ దూరంగా కింది గదిలో బండల నేలకు దగ్గరగా తొట్టి ఉంచాలి. గాజు వేడిని పట్టుకుంటుంది కనుక పైజాలి మీద ఏదీ కప్పొద్దు. కరీంనగర్‌లో గ్రానైట్‌కు కొదవా? కోత యార్డుల బయట పడేసిన ముక్కల్లో అరచేయంత పలక ఒకటి తెచ్చి, అంచులు నున్నగా చేసి తొట్టిలో పెడితే, పొట్ట ఆనించి దాని మీదే పడుకుంటుంది. మధ్యాహ్నాలు నీళ్ల సీసాను గడ్డకట్టించి, గుడ్డ చుట్టి తొట్టి బయట అద్దానికి ఆనించాలి. మంచినీళ్ల కుండ మీద బయటి నుంచి తడి గుడ్డ వేయడం మాకు అలవాటే, కాని తొట్టి లోపల తడి వద్దు, పరుపు బూజు పడుతుంది. కూలర్ ఆ గదిలో ఉండొచ్చు, గాలి నేరుగా దాని మీదికి కొట్టొద్దు. కరెంటు పోయే ఊళ్లలో ఆ ఐసు సీసానే దిక్కు.

అది తాగే నీళ్ల సీసా మూతి రోజూ వేలితో తాకి చూడాలి. గోలీ ఇరుక్కుపోతే సీసా నిండా నీళ్లున్నా ప్రాణి దాహంతో పోతుంది. ఒళ్లు పరిచేసి, నోట్లోంచి చొంగ కారుతూ, లేపినా తూలుతుంటే వడదెబ్బే. చల్లని చోటికి మార్చి, మామూలు నీళ్లతో తడిపిన గుడ్డ చెవులకు, పాదాలకు తాకించి డాక్టర్ దగ్గరకు పరుగెత్తాలి. ఐసు నీళ్లలో ముంచితే ఆ దెబ్బకే పోతుంది.

దీనికి తిరగేసిన సంగతి ఆదిలాబాద్ వైపు వాళ్లకు చెప్పాలి. సిర్పూర్ దిక్కు డిసెంబర్ రాత్రుల్లో అయిదు డిగ్రీలకు పడుతుంది. అంత చలికి హామ్‌స్టర్ కట్టెలా బిగుసుకుపోయి, ఊపిరి ఉందో లేదో తెలియకుండా పడి ఉండొచ్చు. చచ్చిపోయిందని తోటలో పూడ్చేయకండి. అరచేతుల మధ్య, గుడ్డలో, అరగంట, గంట మెల్లగా వెచ్చబరిచి చూడండి.

కోతులొస్తే?

చొప్పదండిలో ఈ ప్రశ్న అడగని ఇల్లుండదు. వరండాలో పెట్టిన పంజరాన్ని కోతి క్షణంలో ఎత్తుకుపోతుంది. పిల్లి రాత్రంతా ఎదురుగా కూర్చుంటే తాకకపోయినా హామ్‌స్టర్ భయంతో తిండి మానేస్తుంది. తొట్టి ఉండే గదికి జాలి తలుపు ఉండి తీరాలి. అంతకంటే పెద్ద ప్రమాదం మనమే. ఇంట్లో ఎలుకల మందు, జిగురు అట్టలు, బోను ఉంటే, హామ్‌స్టర్ తప్పించుకున్న రాత్రి అవి దీన్నే పట్టుకుంటాయి. తప్పించుకుంటే దీపాలార్పి, గోడ వెంట గింజలు చల్లి, మూలన గుడ్డ వేసిన లోతు బక్కెట్టు, దానికి ఎక్కడానికి చెక్క ముక్క పెట్టి కదలకుండా వినాలి. సాధారణంగా తెల్లవారేసరికి బక్కెట్లో ఉంటుంది.

జబ్బుల గురించి పెద్దగా చెప్పలేదు, ఒక్కటి తప్ప. తోక కింద తడిగా ఉండి, విరేచనాలు, వాసన, ముడుచుకుని కూర్చోవడం కనిపిస్తే మర్నాటి దాకా ఆగొద్దు. కొత్తగా పాలు మరిచిన పిల్లలను బెదురుతో వచ్చే ఆ జబ్బు రెండు రోజుల్లో తీసుకుపోతుంది. మండలాల్లోని పశువైద్యులకు బర్రె, గొర్రె తెలిసినంతగా ఇది తెలియకపోవచ్చు, అడగడంలో తప్పు లేదు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడ చూపిస్తారో కొన్న రోజే కనుక్కుని పెట్టుకోవాలి.

నవోదయలో సీటొస్తే?

తొమ్మిదో తరగతికి నవోదయ పరీక్ష రాశాడు మావాడు. బడి ఉన్నది చొప్పదండిలోనే, ఇంటికి దగ్గరే, కాని అక్కడ హాస్టల్లోనే ఉండాలి. హామ్‌స్టర్ బతికేది రెండు, మహా అయితే మూడేళ్లు. సీటొస్తే దాని బతుకులో సగం వీడు లేకుండానే గడుస్తుంది. ఆ మాట వాడే తెచ్చాడు. నేను వాళ్లమ్మను అడగమన్నాను. అడిగాడో లేదో గాని, నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది, గొంతులో కొంచెం అలక.

"మామా, నేను ఇన్ని రోజులసంది చేస్తున్న. అది నా చేతుల పూర్తిగ కూసుంటలేదు. నాయనమ్మ చేతుల నిన్న కూసున్నది. ఎందుకు?"

పెద్దామెకు రాత్రుళ్లు నిద్ర పట్టదు. పదింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి లేచి తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చుంటుందట. ఏమీ చేయదట. గుమ్మడి గింజ ఒకటి అరచేతిలో పెట్టుకుని, తొట్టిలో చేయి ఆనించి, తనలో తాను ఏదో మాట్లాడుకుంటూ ఉంటుందట. ఆ చేయి ఎంతసేపైనా కదలదు.

"అది లేచి ఉన్నప్పుడు ఆమె లేచి ఉంటది" అన్నాను. "ఇంకోటి, ఆమెకు అది చేతుల కూసోవాలని లేదు."

"మరి ఆమె ఏమంటుందో ఎర్కనా? సీటొస్తే నువ్వు పో, ఎల్క నా దగ్గర ఉంటదంటుంది."

"ఫోన్ ఆమెకియ్యి."

ఇచ్చాడు. "ఏమమ్మా, ఎల్కను సాదుడేందని తిట్టినవ్ గదా?" అన్నాను.

"గిది ఎల్క గాదు బిడ్డా" అంది. "ఎల్కలైతే పొలంల గంపెడు దాస్తయి. గిదేమో నా చేతుల గింజ తీస్కపోయి దాస్తంది. రేపు ఆకలైతదని దీనికెవరు చెప్పిన్రు?"